కొడిశపాల చెక్కతో అతిసారానికి మాత్ర: పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలి?

వంశధార విద్యార్థిని (శ్రీకాకుళం) అడిగిన ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఎం.ఫార్మసీ చదువుతున్నాను. సిద్ధాంత వ్యాసానికి విషయం ఎంచుకొని, త్వరలో సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) సమర్పించవలసి ఉంది. మాది మందస వైపు పల్లె. మహేంద్రగిరి దిగువన ఉన్న సవర గూడేల్లో వానాకాలం విరేచనాలు పట్టుకున్నప్పుడు కొడిశపాల చెక్కను దంచి, నీళ్లలో మరిగించి, ఆ కషాయాన్ని తాగించడం నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఆయుర్వేదంలో కుటజం అనేది ఇదేనని, కుటజారిష్టం, కుటజావలేహం, కుటజ ఘనవటి వంటి మందులు దీనితోనే తయారవుతాయని తరువాత పాఠాల్లో చదువుకున్నాను. శాస్త్రీయ నామం హోలరీనా ప్యూబెసెన్స్. పాత పుస్తకాల్లో హోలరీనా యాంటీడిసెంటెరికా అని ఉంటుంది.

కషాయం విపరీతమైన చేదు. పిల్లలు మింగరు, పెద్దలు రెండో పూటకే మానేస్తారు. అందువల్ల అదే సారాన్ని మాత్ర రూపంలోకి తేగలిగితే బాగుంటుందని నా ఆలోచన. అయితే మా విభాగంలో ఈ ఆలోచన చెప్పినప్పుడు, మామూలు మాత్రలో కొత్తదనం లేదని, అదే చెక్క సారంతో వెండి నానోకణాలు (కంటికి కనబడనంత సూక్ష్మమైన రేణువులు) తయారుచేసి, సూక్ష్మజీవుల మీద పరీక్షించి చూపిస్తే ప్రచురణకు సులువుగా ఉంటుందని కొందరు సలహా ఇచ్చారు. నానోకణాలైతే మందు ఒంట్లోకి బాగా ఇంకుతుందని కూడా అన్నారు. ఈ మాట ఎంతవరకు సబబో నాకు తేలడం లేదు.

చెక్కను శ్రీకాకుళంలోని పచారీ మందుల కొట్టులో కొనవచ్చా, లేక కొండకు వెళ్లి నేనే సేకరించాలా? నీటి సారం తీయాలా, ఆల్కహాలు సారం తీయాలా? కొండ మీది మొక్క మీద పని చేయడానికి ఎవరి అనుమతులు కావాలి? ముందుముందు పేటెంటుకు అవకాశం ఉంటుందా? ఈ రంగంలో పనిచేసినవారు వివరంగా చెబితే కృతజ్ఞురాలిని.

విశ్రాంత అధ్యాపకుడు (విజయనగరం) ఇచ్చిన సమాధానం:

అమ్మా, మంచి విషయం ఎంచుకున్నావు. మాత్ర గురించి, నానోకణాల గురించి తరువాత మాట్లాడుకుందాం. ముందు నీ చేతిలోకి వచ్చే చెక్క ఏ చెట్టుదో తేలాలి. మన ప్రాంతంలో ఓషధుల మీద జరిగే పరిశోధనల్లో ఎక్కువ భాగం ఈ మొదటి మెట్టు దగ్గరే బలహీనంగా ఉంటుందని, ఎన్నో సిద్ధాంత వ్యాసాలు దిద్దినవాడిగా చెబుతున్నాను.

కొడిశపాలకు మన కొండల్లోనే ఒక జోడీ చెట్టు ఉంది. అది అంకుడు, రైటియా టింక్టోరియా. ఏటికొప్పాక బొమ్మలు చెక్కేది ఈ అంకుడు కర్రతోనే. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. రెండింటికీ ఎదురెదురు ఆకులు, గిల్లితే తెల్లని పాలు, తెల్లని పువ్వులు, జంటగా వేలాడే పొడుగాటి కాయలు. కొన్ని చోట్ల రెండింటినీ ఊరికే పాల చెట్టు అనే పిలుస్తారు కాబట్టి, చెక్క తెచ్చేవాడు మోసం చేయకపోయినా ఒకదాని బదులు ఇంకొకటి నీ సంచిలో పడవచ్చు. కుటజం చెక్కలో అంకుడు చెక్క కలవడం దేశంలోని మూలికల అంగళ్లలో బాగా ఎరిగిన కల్తీ. అందువల్ల కొట్టులో కొన్న చెక్కతో పరిశోధన మొదలుపెట్టవద్దు. కొట్టు చెక్క కూడా అవసరమే. ఎందుకో తరువాత చెబుతాను.

చెట్టు దగ్గర నిలబడి చూస్తే తేడాలు స్పష్టంగానే కనిపిస్తాయి. అంకుడు పువ్వు గొంతు దగ్గర కుచ్చుల్లాంటి పొలుసులు ఉంటాయి, కేసరాలు కొనదేరి బయటికి పొడుచుకొని వస్తాయి. కొడిశపాల పువ్వులో ఆ కుచ్చులు ఉండవు, కేసరాలు గొట్టం లోపలే దాగి ఉంటాయి. అంకుడు కాయల జంట లేతగా ఉన్నప్పుడు కొసల దగ్గర అతుక్కొని ఉంటుంది. కొడిశపాల కాయలు విడివిడిగా వేలాడుతాయి. రెండింటి గింజలకూ పట్టులాంటి నూగుకుచ్చు ఉంటుంది గాని, ఒకదానికి ఒక కొసన, మరొకదానికి రెండో కొసన ఉంటుంది. గింజ నోట్లో వేసుకుంటే కొడిశపాలది చేదు, అంకుడుది కాదు. ఉత్తరాది అంగళ్లలో చేదు ఇంద్రజౌ, తీపి ఇంద్రజౌ అని వేరు చేసి అమ్మేది ఈ రెండింటినే. కాబట్టి పువ్వో కాయో ఉన్న కాలంలో వెళ్లి, కొమ్మను నొక్కి ఆరబెట్టి, సేకరించిన చోటు, తేదీ, సేకరించినవారి వివరాలు రాసి హెర్బేరియం నమూనా తయారుచేయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలోనో, హైదరాబాదులో ఉన్న బొటానికల్ సర్వే వారి దక్కన్ కేంద్రంలోనో దాన్ని నిర్ధారింపజేసుకొని నమూనా సంఖ్య తీసుకో. ఆకులు మాత్రమే ఉన్న కొమ్మను పట్టుకెళ్లి సంతకం పెట్టించుకోవడం లోకాచారం అయిపోయింది. అలాంటి నిర్ధారణకు విలువ తక్కువ.

ఆ చెట్టు నుంచే చెక్క తీసి, నీడన ఆరబెట్టి, ముతక పొడి చేసి, ఆయుర్వేద ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథంలో) చెప్పిన పరీక్షలన్నీ చెయ్యి. బూడిద శాతం, ఆమ్లంలో కరగని బూడిద, నీటిలోనూ ఆల్కహాలులోనూ కరిగే సార శాతం, సూక్ష్మదర్శినిలో కణజాలం, ఇవన్నీ విసుగు పుట్టించే పనులే గాని వీటిని దాటవేయడానికి వీలు లేదు. కొడిశపాల చెక్కలో రాతికణాలు అడ్డ వరుసలుగా ఉండి, వాటిలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కనిపిస్తాయి. భారలోహాల పరీక్ష కూడా చేయించు. సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) మించరాదు.

ఇక సారం సంగతి. గూడెంలో ఇచ్చేది నీటి కషాయం కాబట్టి నీటి సారమే నీకు ఆధారం కావాలి. ఆల్కహాలు సారాన్ని పోలిక కోసం తీయవచ్చు గాని, దాన్నే ప్రధానంగా పెట్టుకుంటే నీవు పరీక్షిస్తున్నది ఆ గూడెం మందు కాదు. ఒక చిన్న విషయంలో జాగ్రత్త. ఈ చెక్కలో ఆల్కలాయిడ్లనే చేదు మందు పదార్థాలతో పాటు టానిన్లనే వగరు పదార్థాలు కూడా ఉంటాయి. వేడి కషాయం చల్లారేటప్పుడు ఆ రెండూ కలిసి నీటిలో కరగని ముద్దగా అడుగుకు దిగవచ్చు. వడపోసి, తేటను ఉంచుకొని, మడ్డిని పారబోసే అలవాటు చాలామందికి ఉంది. ఆ మడ్డిలో ఎంత ఆల్కలాయిడ్ పోతోందో కొలవకుండా పారబోయవద్దు. తాగేవాళ్లు గిన్నె కదిపి మడ్డితో సహా తాగుతారా, పైన తేటనే తాగుతారా అన్నది కూడా గూడెంలో అడిగి తెలుసుకో. మోతాదు లెక్క దాని మీద ఆధారపడుతుంది.

నానోకణాల మాట. ఈ చెక్కలోని ముఖ్యమైన ఆల్కలాయిడ్ కోనెస్సిన్. గత శతాబ్దం తొలి భాగంలో అమీబా విరేచనాలకు దీన్ని ఆధునిక వైద్యంలోనూ వాడారు. బిస్మత్ అనే లోహంతో కలిపి కుర్చి (ఈ చెక్కకే మరో పేరు) బిస్మత్ అయొడైడ్ అనే మందును కలకత్తాలో పరీక్షించారు. తరువాత శుద్ధ కోనెస్సిన్ వాడకం ఆగిపోవడానికి ఒక కారణం నరాల మీద, మనసు మీద అది చూపిన దుష్ప్రభావాలు. మెదడులోని హిస్టమిన్ హెచ్3 గ్రాహకాలను అది గట్టిగా అడ్డుకుంటుందని ఇటీవలి కాలంలో తేలింది. అంటే రక్తంలోకి ఎంత ఎక్కువ చేరితే అంత ప్రమాదం ఉన్న పదార్థం ఇది. నీకు కావలసిన పని జరగవలసింది పేగులో. అటువంటప్పుడు ఒంట్లోకి బాగా ఇంకించే రూపం కోసం వెతకడం తలకిందుల ఆలోచన. పైగా వెండి తనంతట తానే సూక్ష్మజీవులను చంపుతుంది. సూక్ష్మజీవులను పెంచే పరీక్ష పళ్లెంలో కనబడే ఫలితం చెక్కదో వెండిదో విడదీసి చెప్పడం కష్టం. ప్రచురణ సులువన్న మాట నిజమే. అలా సులువుగా వచ్చిన పత్రాలు గుట్టలుగా ఉన్నాయి, వాటి నుంచి ఒక్క మాత్ర కూడా రోగి చేతికి రాలేదు.

పైడిభీమవరం ఫార్ములేషన్ (రణస్థలం) ఇచ్చిన సమాధానం:

గురువుగారికి నమస్కారాలు. గుర్తింపు గురించి ఆయన చెప్పినదానికి నేను కలపవలసింది ఏమీ లేదు. నేను మందుల పరిశ్రమలో మాత్రల తయారీ విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. అయితే ఒక విషయంలో ఆయనతో విభేదిస్తున్నాను.

విభేదం ఇది. నీటి సారమే ఆధారం కావాలన్న నియమం మొదటి పరీక్షలకు సరే. కాని మాత్రకు వచ్చేసరికి నీటి సారం మనకు చాలా ఇబ్బంది పెడుతుంది. చక్కెరలు, జిగురు పదార్థాలు, టానిన్లు అన్నీ అందులోకి దిగుతాయి. ఎండబెట్టిన పొడి గాలిలోని చెమ్మను పీల్చి గంటలోపే బెల్లం ముద్దలా తయారవుతుంది. మన కోస్తాలో వానాకాలపు గాలి సంగతి మీకు తెలుసు. అందువల్ల నీటి సారంతో గుణం ఉందని నిరూపించాక, అదే గుణం నిలిచి ఉండేటట్లు నీరు, ఆల్కహాలు మిశ్రమంతో సారం తీసి, రెండూ రసాయనపరంగా ఎంతవరకు సమానమో చూపించి, రెండోదానితో మాత్ర చేయడం ఆచరణకు దగ్గరగా ఉంటుంది.

నీటి సారంతోనే వెళ్లదలిస్తే మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే పొడి) కలిపి స్ప్రే డ్రైయింగ్ (వేడి గాలిలోకి చిమ్మి పొడిగా ఆరబెట్టడం) చేయండి. తరువాత మాత్ర కట్టడానికి మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, కొద్దిగా కొల్లాయిడల్ సిలికా వాడి, గాలిలో తేమ తక్కువగా ఉన్న గదిలో మాత్ర కొట్టండి. చేదు దాచడానికి పైన పలుచని ఫిల్మ్ పూత చాలు. 40 డిగ్రీల ఉష్ణోగ్రత, 75 శాతం తేమ వద్ద 6 నెలల వేగవంతపు స్థిరత్వ పరీక్ష పెట్టేటప్పుడు, మాత్ర రంగు మారిందా, విడిపోయే సమయం పెరిగిందా అన్నవే కాకుండా కోనెస్సిన్ ఎంత మిగిలిందన్నది కూడా ప్రతిసారీ కొలవాలి. చాలా సిద్ధాంత వ్యాసాల్లో గట్టితనం, పొడి రాలడం మాత్రమే కనిపిస్తాయి. మందు ఉందో లేదో చూడని స్థిరత్వ పరీక్షకు అర్థం లేదు.

మందు పేగులోనే పనిచేయాలన్న మాట నాకు చాలా నచ్చింది. దీనికి ఇదివరకే ఒక చక్కని ఉదాహరణ ఉంది. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవుల్లో పెరిగే క్రోటాన్ లెక్లెరీ చెట్టు ఎర్రని పాలను అక్కడివారు విరేచనాలకు వాడేవారు. దాని నుంచి శుద్ధి చేసిన క్రోఫెలెమర్ అనే మందుకు, హెచ్ఐవీ మందులు వాడేవారిలో వచ్చే, సూక్ష్మజీవుల వల్ల కాని విరేచనాల కోసం 2012 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. అది రక్తంలోకి దాదాపు చేరదు. పేగు గోడలోని క్లోరైడ్ మార్గాలను మూసి, నీరు పేగులోకి కారిపోకుండా ఆపుతుంది. జఠరామ్లానికి చెడిపోకుండా ఉండాలని దాన్ని ఆలస్యంగా విడుదలయ్యే మాత్రగా చేశారు. అక్కడ మాత్ర రూపానికి కారణం మందు పనిచేసే చోటు. మీ సినాప్సిస్‌లో కొత్తదనం ఏమిటని అడిగేవారికి ఇదే జవాబు.

మీరు పెద్దపేగు దాకా మందును చేర్చాలనుకుంటే పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 7 దాటాక కరిగే యూడ్రాజిట్ ఎస్100 అనే పూత ఒక మార్గం. కాని విరేచనాలతో ఉన్న మనిషిలో ఆహారం పేగులను చాలా త్వరగా దాటుతుంది కాబట్టి, ఆరోగ్యవంతుల లెక్కన వేసిన పూత కరగకుండానే మాత్ర బయటకు పోయే ప్రమాదం ఉంది. గోరుచిక్కుడు జిగురుతోనో పెక్టిన్‌తోనో చేసిన పూతలు పేగులోని సూక్ష్మజీవుల మీద ఆధారపడి విడిపోతాయి. విరేచనాల్లో ఆ సూక్ష్మజీవుల లెక్కే తారుమారు అవుతుంది. ఈ చిక్కును మీరు పరిష్కరించలేకపోయినా, 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 2 గంటలు, ఆపై పీహెచ్ 6.8, 7.4 ద్రావణాల్లో, తక్కువ సమయాలతోనూ ఎక్కువ సమయాలతోనూ విడుదల పరీక్ష చేసి పట్టిక ఇస్తే చాలు, అది పనికివచ్చే పరిశోధన అవుతుంది.

వంశధార విద్యార్థిని:

సార్, గురువుగారూ, ఇద్దరికీ ధన్యవాదాలు. నానోకణాల ఆలోచన విరమించుకుంటున్నాను. గుణం నిరూపించడానికి ఎలుకలకు ఆముదం పట్టించి విరేచనాలు కలిగించే పరీక్ష, అగర్ పళ్లెంలో ఈ.కోలై, షిగెల్లాల మీద నిరోధక వలయం కొలిచే పరీక్ష సరిపోతాయా? అనుమతుల గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

ఉద్దానం వైద్యుడు (సోంపేట) ఇచ్చిన సమాధానం:

ఆముదం పరీక్షలో పేగు కదలిక తగ్గిందా, నీరు కారడం తగ్గిందా అన్నది తెలుస్తుంది. అంటురోగం మీద గుణం అందులో తెలియదు. వలయం కొలత మరీ మోటు కొలత. చిక్కని సారం పళ్లెంలో పాకదు, పలుచనిది పాకుతుంది. అందువల్ల వలయం వెడల్పు బట్టి బలం చెప్పడం కుదరదు. కనీస నిరోధక గాఢత (సూక్ష్మజీవి పెరగకుండా ఆపే అతి తక్కువ గాఢత) కొలవండి. అది పేగులో నిజంగా చేరగల గాఢతేనా అన్న ప్రశ్న కూడా వేసుకోండి. జంతువుల మీద పరీక్షకు మీ కళాశాల జంతు నైతిక సంఘం అనుమతి ముందే తీసుకోవాలి.

వైద్యుడిగా నేను చెప్పదలచినవి వేరే రెండు. విరేచనాలతో మనిషి చనిపోయేది ఒంట్లోని నీరు, లవణాలు పోయి. ఓఆర్ఎస్, పిల్లలకు 10 నుంచి 14 రోజుల జింక్, ఇవే ప్రాణం నిలిపేవి. మీ మాత్ర వాటికి తోడుగా ఉండాలి తప్ప బదులుగా ఉండరాదు. మీ ప్రతిపాదనలో ఆ మాట స్పష్టంగా రాయండి. విరేచనం ఆగింది కదా అని గూడెంలో ఓఆర్ఎస్ మానేస్తే, మీ మందు పనిచేసినా పిల్లవాడు దక్కకపోవచ్చు.

రెండోది, మూత్రపిండాలు. మా కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బు ఎంత పాతుకుపోయిందో, దాని మూలకారణం ఇప్పటికీ ఎందుకు తేలలేదో మీకు వేరే చెప్పనక్కరలేదు. అందుచేత మన ప్రాంతం నుంచి వచ్చే ఏ మూలికా పరిశోధనలోనైనా క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్త పరీక్ష), మూత్రపిండ కణజాల పరీక్ష తప్పనిసరిగా ఉండాలని నా అభిప్రాయం. గుర్తింపు గురించి గురువుగారు చెప్పినదాన్ని బలపరిచే ఉదంతం కూడా ఇందులోనే ఉంది. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన స్త్రీలకు మూత్రపిండాలు వరుసగా దెబ్బతిన్నాయి. స్టెఫానియా అనే మూలిక బదులు అరిస్టొలోకియా అనే మూలిక కలవడమే కారణమని తేలింది. అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేయడమే కాక మూత్రనాళాల్లో క్యాన్సర్‌కు కూడా కారణమవుతుంది. ఆ జాతికి చెందినవే మన నల్ల ఈశ్వరి, గాడిదగడపాకు. ఇవి ఇప్పటికీ మన పల్లెల్లో నాటువైద్యంలో ఉన్నాయి. కషాయాల్లో ఏ మూలికతో ఏది కలుపుతున్నారో గూడెంలో అడిగేటప్పుడు వీటి సంగతి కూడా తప్పక అడగండి.

సీతంపేట సంత (మూలికల సేకర్తలతో పనిచేసే వ్యక్తి) ఇచ్చిన సమాధానం:

చెల్లీ, అనుమతుల సంగతి నేను చెబుతాను. నేను శాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. కొండ ఫలసాయం సేకరించే సవర, జాతాపు మహిళా సంఘాలతో పనిచేస్తున్నాను.

రిజర్వు అడవిలో చెక్క తీయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కు అక్కడి గిరిజనులది, అడవిలో ఆధారపడి బతికే ఇతరులది. కాబట్టి శాఖ కాగితం ఒక్కటే చేతిలో పెట్టుకొని గూడేనికి వెళ్లడం మర్యాద కాదు, గ్రామసభలో కూర్చొని అడగండి. జీవవైవిధ్య చట్టం 2002 నాటిది, 2023లో సవరించారు. భారతీయ విద్యార్థిని చదువు కోసం చేసే పరిశోధనకు ఆ చట్టం అడ్డు పెట్టదు. వ్యాపారానికి వాడదలచినప్పుడు రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందుగా తెలియజేయాలి; పేటెంటు అడిగితే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గరకు వెళ్లాలి. విదేశీ సంస్థ ఎవరైనా మీ పనిలో చేరితే ఆ క్షణం నుంచే లెక్క వేరు.

పేటెంటు గురించి పెద్ద ఆశ పెట్టుకోకండి. సంప్రదాయ జ్ఞానాన్ని, తెలిసిన వస్తువుల గుణాలను కలిపి చూపడాన్ని మన పేటెంటు చట్టంలోని 3(పి) సెక్షన్ ఆవిష్కరణగా ఒప్పుకోదు. పసుపు గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి) వాదించి 1997లో రద్దు చేయించింది కదా, కుటజం సంగతీ అంతే. మాత్ర తయారీ పద్ధతిలో నిజంగా కొత్తది ఉంటే అది వేరే మాట.

నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది ఇంకొకచోట. మా దగ్గరకు పరిశోధకులు చాలామంది వస్తారు. ముసలి వైద్యుణ్ణి కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేసుకుంటారు, చెక్క సంచిలో వేసుకుంటారు, వెళ్తారు. తరువాత ఆ పుస్తకంలో ఆ గూడెం పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల ఉద్యాన పరిశోధన సంస్థ జీవని అనే మందు తయారుచేసింది. 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి హక్కు ఇచ్చినప్పుడు వచ్చిన 10 లక్షల రూపాయల రుసుములోనూ, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీలోనూ సగం కాణి తెగకు చెందాలని నిర్ణయించారు. అందుకోసం 1997లో ఒక ట్రస్టు కూడా ఏర్పడింది. ఆ ఏర్పాటులో తరువాత చిక్కులు వచ్చాయన్నది వేరే కథ. కనీసం వాటా ఇవ్వాలన్న ఆలోచన చేశారు. మీ దగ్గర ఇప్పుడు డబ్బు లేదు, మందూ లేదు. అయినా ఎవరు చెప్పారు, ఏ గూడెంలో చెప్పారు, పేరు అచ్చు వేయడానికి వారు ఒప్పుకున్నారా లేదా అన్నది కాగితం మీద పెట్టుకోండి; పరీక్షల్లో తేలినది మళ్లీ వెళ్లి వారి భాషలో చెప్పించండి.

చెక్క తీసే పద్ధతి గురించి కూడా ఒక మాట. చెట్టు చుట్టూ వలిస్తే అది చచ్చిపోతుంది. ముదురు చెట్టుకు ఒక పక్క నిలువుగా పట్టీ తీసి, మిగతా చుట్టును వదిలిపెట్టాలి. వ్యాపారి అడిగినంత తూకం ఇవ్వాలంటే అలా కుదరదని సేకర్తలు మొత్తం వలిచేస్తున్న చోట్లు నేను చూశాను. మీ మాత్ర రేపు నిజంగా అమ్ముడుపోతే ఎన్ని చెట్లు కావాలో లెక్క వేసి మీ వ్యాసంలో రాయగలరా? ఎవరూ రాయరు. ఒక్కో రోగికి ఎన్ని గ్రాముల ఎండు చెక్క పడుతుందో మీ సార శాతం నుంచే తెలుస్తుంది. గింజల్లో కూడా ఆ గుణమే ఉంటే గింజలు వాడండి, చెట్టు నిలుస్తుంది.

పైడిభీమవరం ఫార్ములేషన్:

అక్క చెప్పిన చివరి మాట చాలా విలువైనది. గింజలకు వేరే లాభం కూడా ఉంది, కల్తీ నాలుకకే తెలిసిపోతుంది.

లైసెన్సు గురించి నాలుగు మాటలు. మందును ఆయుర్వేద ప్రొప్రైటరీ (తయారీదారు సొంత కూర్పు) మందుగా తేవాలంటే ఔషధాలు, సౌందర్య సాధనాల నియమాల్లోని 158బి నియమం వర్తిస్తుంది. నీటి సారానికి, ఇతర ద్రావకాల సారానికి కోరే భద్రతా ఆధారాలు అందులో ఒకటి కావు. నా పద్ధతి ఎంచుకునేవారు దీన్ని చూసుకోవాలి. రెండో దారి, 2015లో ప్రభుత్వం నిర్వచించిన ఫైటోఫార్మాస్యూటికల్ మందు. అది శుద్ధి చేసి ప్రమాణీకరించిన అంశం కావాలి, అందులో కనీసం 4 క్రియాశీల లేదా రసాయన పదార్థాలను గుర్తించి కొలిచి చూపాలి. ఒక్క కోనెస్సిన్ కొలిస్తే చాలదు. కోనెస్సిమిన్, ఐసోకోనెస్సిమిన్, కుర్చిన్ వంటివి కూడా తేవాలి. ఎం.ఫార్మసీ గడువులో ఇది సాధ్యం కాదు గాని, ఇప్పుడే ఆ దిశలో రసాయన పట్టిక తయారుచేసుకుంటే పీహెచ్‌డీకి పనికివస్తుంది.

విశ్రాంత అధ్యాపకుడు:

సారం విషయంలో మిత్రుడి అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను, కాని ఒక షరతు మీద. నీరు, ఆల్కహాలు మిశ్రమపు సారం నీటి సారంతో సమానమని చెప్పడానికి ఒక్క కోనెస్సిన్ శాతం చూపితే చాలదు. టానిన్లు పేగు గోడను బిగించి విరేచనం తగ్గించగలవు కాబట్టి, వాటి వాటా ఎంతో తెలియకుండా గుణాన్ని ఆల్కలాయిడ్లకు కట్టబెట్టరాదు. టానిన్లు తీసివేసిన సారాన్ని కూడా ఆముదం పరీక్షలో పక్కన పెట్టు తల్లీ. గుణం పడిపోతే మీ మాత్రలో కొలవవలసినది వేరే అవుతుంది.

గింజల ఆలోచన మంచిదే. ఆయుర్వేద శాస్త్రంలో ఇంద్రయవాలకు (కొడిశపాల గింజలకు) తమకంటూ స్థానం ఉంది. అయితే చెక్క గుణం గింజలకు ఉందని ఊహించుకొని వెళ్లకుండా, రెండింటినీ ఒకే పరీక్షలో పెట్టి చూడు.

కొట్టు చెక్క ఎందుకు కావాలో చెబుతానన్నాను. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం అంగళ్లలో కుటజం పేరుతో అమ్మే చెక్కను కొద్దికొద్దిగా కొను. ఒకే హెచ్‌పీటీఎల్‌సీ పలక (సారంలోని పదార్థాలను విడదీసి చూపే పూత పలక) మీద ఒక గీతలో కోనెస్సిన్ ప్రమాణ పదార్థం, పక్కన నీవు నిర్ధారించిన కొడిశపాల, ఆ పక్కన నిర్ధారించిన అంకుడు, మిగిలిన గీతల్లో కొట్టు నమూనాలు వేయి. పలకను ఆల్కలాయిడ్లను రంగుతో చూపే డ్రాగెన్‌డార్ఫ్ కారకంతో తడిపి చూసినప్పుడు మన జిల్లాల్లో అమ్ముడవుతున్న కుటజం ఎంతవరకు కుటజమో అందరికీ కనిపిస్తుంది. మాత్ర పని ఆలస్యమైనా, ఆ ఒక్క పలకతోనే సినాప్సిస్‌లోని మొదటి అధ్యాయం నిలబడుతుంది. నమూనా పొట్లాల మీద అంగడి పేరు రాయకు, ఊరి పేరు, కొన్న నెల చాలు. తగవు కొట్టువాళ్లతో కాదు కదా.

వంశధార విద్యార్థిని:

అలాగే చేస్తాను గురువుగారూ. వచ్చే పూత కాలానికి ముందు అటవీశాఖ దరఖాస్తు, గ్రామసభ పని రెండూ పూర్తిచేసుకుంటాను. సీతంపేట అక్కా, గూడెంలో మాట్లాడటానికి సవర భాష బాగా తెలిసినవారు తోడు కావాలి. ఈ విషయం మీకు విడిగా రాస్తాను.